కొలతకు కాలమ్ లేదు

ఆదివారం భోజనాలయ్యాక రావులంకలో ఖాదర్ పెయింటింగు షాపు వరండా మీద మూడు పెద్ద కార్లు ఆగేవి. పెద్దవంటే పేరుకు పెద్దవి. ఒక్కొక్కటీ జానెడున్నర పొడవు. వాటి యజమానులు వాటిని ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాళ్ళు. ఎండ తగలకుండా తువ్వాలు కప్పేవాళ్ళు. బల్ల మీద దించాక ముందు చక్రాలు కాస్త పక్కకు తిప్పి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేవాళ్ళు.

ఖాదర్ బోర్డులూ నంబరు ప్లేట్లూ రాస్తాడు. అతను చేసింది రైసుమిల్లు వాళ్ళ పాత ప్లిమత్. ప్రకాశం కార్ల సీటు కవర్లు కుడతాడు. అతనిది పొగాకు షావుకారు గారి ఇంపాలా, వెనక చేపతోకలాంటి రెక్కలున్నది. మూడో ఆయన మట్టపర్తి ఏడుకొండలు. కాలువగట్ల పరిరక్షణ శాఖలో డ్రైవరుగా చేసి ఆరేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆయన చేసింది ఆ శాఖ వాళ్ళ తెల్ల అంబాసిడర్. నంబరు నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. ఊళ్ళో అందరూ నలభైనాలుగు పదిహేడు అనేవారు. ఇరవై రెండేళ్ళు దాన్ని ఆయనే నడిపాడు.

"ఇప్పుడొచ్చేవి కార్లేంటండి, ఎక్కితే మోకాళ్ళొచ్చి గెడ్డానికి తగుల్తాయి," అనేవాడు ప్రకాశం. "మా ఇంపాలా ఎనక సీట్లో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, అటో తోడిపెళ్ళికూతురూ ఇటో తోడిపెళ్ళికూతురూ కూర్చుంటే, ఇంకా మజ్జిలో పానకం బిందె పట్టేది."

"ప్లిమత్తు మలుపు తిరగాలంటే ముందు ముక్కు తిరిగేది భాయ్," అనేవాడు ఖాదర్. "తోక నింపాదిగా ఎనకాల వచ్చేది. ఈలోగా డ్రైవరు బీడీ ముట్టించుకునేవోడు."

ఏడుకొండలు వంతు వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకునేవాడు. "మా దాంట్లో ఓసారి ఆఫీసరుగారు, ఆఫీసరుగారి అత్తగారు, ముగ్గురు గుమస్తాలు, డిక్కీలో పదకొండు పనసకాయలు. గట్టు మీద ఎల్తంటే కాలవ కాపలా లస్కరు సెల్యూటు కొట్టి, 'బండి ఖాళీగా ఎల్తంది, నన్నెక్కించుకోండి బాబూ' అన్నాడు. ఎక్కించుకున్నాం."

ఆ ముగ్గురికీ ఒక పద్ధతి ఉంది. బండి ఎంత అందంగా చేశావని ఎవరూ అడగరు. దానికున్న లోపాలన్నీ దించావా అని అడుగుతారు. సొట్ట లేకపోతే అది బొమ్మ, సొట్ట ఉంటే బండి. అందుకని ఏడుకొండలు నాలుగేళ్ళు కూర్చుని, నూనె డబ్బా రేకు కత్తిరించి, అంకుడు కర్రతో చక్రాలు చేసి, సైకిలు ట్యూబుతో టైర్లు తొడిగి, చివరికి కోటిపల్లి రేవులో గేదె కుమ్మిన సొట్టని ఎడమ వెనక తలుపు మీద గోరంత సుత్తితో కొట్టాడు. ఇంజను నంబరూ చాసీ నంబరూ సూదిమొనతో చెక్కాడు. తలుపుల మీద శాఖ పేరు ఖాదరే రాశాడు. అసలు కారు మీద కుర్రతనంలో రాసిందీ అతనే.

రెండో శనివారం మర్నాడు రాజమండ్రిలో ఐదు జిల్లాల మోడల్ కార్ల వాళ్ళు కలుస్తున్నారు. ఏడుకొండలు వెళ్ళాలనుకున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆయన బండి ఎక్కడ ఆగినా జనం వెనక సీటు వైపే చూశారు. ఒక్కసారి జనం వచ్చి బండిని చూస్తే, దాని పక్కన నిలబడాలని ఉంది ఆయనకి. ఆ మాట భార్య సత్యవేణితో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఆ కబురు తెలియని శాఖ సూపరింటెండెంటు జనార్దనం గారు ఒక సోమవారం పొద్దున్న ఏడుకొండలు ఇంటికి వచ్చారు. ఆయన ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. అప్పటికే ముఖంలో రిటైరైపోయిన నీరసం ఉంది.

"ఏడుకొండలూ, నలభైనాలుగు పదిహేడుని చివరిసారి కాకినాడ మరమ్మతు షెడ్డుకి తోలింది నువ్వే కదయ్యా?"

"ఆయ్, నేనేనండి. పదమూడేళ్ళయిందండి. రసీదు మీ చేతికే ఇచ్చేనండి."

"ఆ షెడ్డు ఇప్పుడు కల్యాణ మండపం."

"మరి బండండి?"

"అదే నేనూ అడుగుతున్నాను," అన్నారు జనార్దనం గారు.

ఏటా ఏప్రిల్లో వాహనాల రిజిస్టరులో ఆ నంబరుకి ఎదురుగా 'మరమ్మతులో ఉన్నది' అని రాస్తూ వచ్చారు. మొదట రాసినవాడు నమ్మి రాశాడు. తర్వాత రాసినవాళ్ళు పైన రాసింది చూసి రాశారు. ఈ ఏడు పైనుంచి ప్రత్యక్ష ధ్రువీకరణ అని ఒక యాప్ వచ్చింది. ప్రతి వాహనాన్నీ కళ్ళతో చూసి, ఫొటో తీసి, ఇరవై మూడు కాలమ్‌లు నింపాలి. మరమ్మతులో ఉన్నది అనే మాటకి అందులో చోటు లేదు. బుధవారం ఆఖరు.

"నింపకపోతే ఏమవుద్దండి?"

"బాధ్యుడైన ఉద్యోగికి పదవీ విరమణ ఉండదు. ఉత్తర్వులో అలా ఉంది. అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. చచ్చేదాకా వస్తూనే ఉండాలేమో," అని మంచినీళ్ళు తాగుతూ తల తిప్పిన జనార్దనం గారికి టీవీ పక్కన గాజు పెట్టెలో తెల్ల అంబాసిడర్ కనపడింది. ఆయన గ్లాసు దించి, వంగి, నంబరు చదివారు. చాలాసేపు వంగే ఉన్నారు.

"ఏడుకొండలూ. ఇంజను నంబరు కూడా వేశావా?"

ఏడుకొండలు ఊరుకుంటే సరిపోయేది. కానీ నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి బయటి మనిషి ఆయన. "చాసీ నంబరు కూడా ఉందండి. ఉండండి, బానెట్టెత్తి చూపిత్తాను," అని స్వయంగా గాజు పెట్టె తెరిచాడు.

"ఒక్క ఫొటో. సాయంత్రానికి తెచ్చి నీ చేతిలో పెడతాను," అన్నారు జనార్దనం గారు.

కార్యాలయం ఆవరణలో ఇసుక చదును చేసి, బండిని దాని మీద నిలబెట్టి, జనార్దనం గారు బోర్లా పడుకుని ఫొటో తీశారు. యాప్ నంబరు చదివింది. రంగు చదివింది. తలుపులు నాలుగు, చక్రాలు నాలుగు, స్టెప్నీ ఒకటి, సొట్ట ఒకటి, ఎడమ వెనక తలుపు. ఇరవై మూడు కాలమ్‌లూ రిజిస్టరుతో అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. ఆ జిల్లాలో ఇరవై మూడూ కలిసిన వాహనం అదొక్కటే. కొలతకు మాత్రం కాలమ్ లేదు. కారు ఎంతుంటుందో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పెట్టలేదు. తెర మీద ఆకుపచ్చ గుర్తు పడింది: 'వాహనం ప్రధాన స్థానంలో సిద్ధంగా ఉన్నది.'

సాయంత్రం బండి రాలేదు. మర్నాడు ఏడుకొండలే వెళ్ళాడు.

కార్యాలయం వెనక కారు షెడ్డులో పదమూడేళ్ళుగా ఉద్యోగుల మోటారు సైకిళ్ళు ఉండేవి. ఇప్పుడవి ఎండలో ఉన్నాయి. షెడ్డు మధ్యలో, అసలు కారు పట్టేంత సున్నపు గీత లోపల, జానెడున్నర నలభైనాలుగు పదిహేడు ఒక్కటే ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ సన్నిబాబు లేచి నిలబడ్డాడు.

"బండి కోసం వచ్చేను సన్నిబాబూ."

"ఏం బండి బాబాయ్?"

"అదిగో, నా బండి."

"నీ బండేటి బాబాయ్, అది గవర్నమెంటు బండి. గేటు దాటాలంటే ప్రయాణ చీటీ ఉండాలి, దాని మీద ఆఫీసరుగారి సంతకం ఉండాలి. నువ్వు నాకు చెప్పిందే కదా ఇది, నేను కొత్తగా చేరినప్పుడు. ఓ రోజు నీకు సంతకం లేపోతే గేటు తియ్యనిచ్చేవా నన్ను?"

నిజమే. ఏడుకొండలు తియ్యనివ్వలేదు.

"మరి ఎలకలొత్తే?"

"రాత్రిళ్ళు సంచి కప్పుతున్నాను. ఆ మాత్రం తెలీదేటి."

డివిజనల్ అధికారి శేషావతారం గారు ఆ ఊరికి కొత్తగా వచ్చారు. ఏడుకొండల్ని లోపలికి పిలిచి, కూర్చోమనకుండా ఆదరంగా మాట్లాడారు.

"చూడండి ఏడుకొండలు గారూ. మీ భావోద్వేగం శాఖ దృష్టిలో ఉంది. అయితే సదరు వాహనం నిన్నటి మధ్యాహ్నం మూడు గంటల నుంచి ప్రభుత్వ ఆస్తిగా ధ్రువీకరించబడి ఉంది. ధ్రువీకరించబడిన దాన్ని ధ్రువీకరించబడనిదిగా ధ్రువీకరించే అధికారం నాకు లేదు."

"అది బొమ్మండి, అయ్యగారూ. చిన్నదండి."

"చిన్నది అనేది మీ అభిప్రాయం. రికార్డులో ఎక్కడా లేదు." శేషావతారం గారు గొంతు తగ్గించారు. "నాకూ ఇబ్బందే. శాఖకి సొంత వాహనం సిద్ధంగా ఉందని యాప్ చెప్పడంతో, నా అద్దె జీపుని ఈ ఉదయం పైవాళ్ళు రద్దు చేశారు. గురువారం నేను గట్ల తనిఖీకి వెళ్ళాలి. సొంత వాహనంలోనే వెళ్ళాలి. సొంత వాహనానికి డ్రైవరు ఉండాలి. ఆ వాహనం నడిపిన అనుభవం ఉన్నవారు మీరొక్కరే."

ఏడుకొండలు ఆలోచించాడు. షెడ్డులో ఒంటరిగా సంచి కింద ఉండటం కంటే తన చేతిలో ఉంటే మేలు. పైగా బండి గేటు దాటుతుంది. "ఎన్ని గంటలకి రమ్మంటారండి?" అన్నాడు.

గురువారం పొద్దున్న ఏడుకొండలు పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. సత్యవేణి దాన్ని ఇస్త్రీ చేస్తూ, "గుండీలు పట్టట్లేదండి," అంది. "కారు చిన్నదయ్యింది, డ్రైవరు పెద్దయ్యేడు."

ఇద్దరూ పల్లెవెలుగు బస్సెక్కారు. డ్రైవరు ముందుండాలి కాబట్టి ఏడుకొండలు ముందు సీట్లో కూర్చున్నాడు, బండి ఒళ్ళో పెట్టుకుని. శేషావతారం గారు సరిగ్గా వెనక సీట్లో, ఎడమ పక్కన, ఆయన హోదాకి తగిన చోట కూర్చున్నారు. ఏడుకొండలు బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అలవాటు కొద్దీ బండి ముందు చక్రాలు తిప్పాడు.

కండక్టరు వచ్చి బండి వైపు చూసింది. "లగేజీయా?"

"ప్రభుత్వ వాహనం," అన్నారు వెనకనుంచి శేషావతారం గారు.

"ఎవరు దేన్లో ఎల్తన్నారండి?"

"రికార్డు ప్రకారం నేను దానిలో ఉన్నాను. దానితో పాటు మీ బస్సులోనూ ఉన్నాను. రెంటికీ వైరుధ్యం లేదు."

ఆమె ఇరవై ఏళ్ళుగా బస్సుల్లో రకరకాల మనుషుల్ని చూసింది. రెండు టిక్కెట్లు కొట్టి ఇచ్చి ముందుకు పోయింది. పక్క సీట్లో కూరగాయల బుట్టతో ఉన్న ముసలావిడ మాత్రం బండినే చూస్తూ, "మా వూరు వరదలొచ్చినప్పుడు ఇదే కారొచ్చింది నాయనా," అంది. "ఆ సొట్ట నాకు తెలుసు." ఏడుకొండలుకి ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

గట్టు దగ్గర లస్కర్లు వరసగా నిలబడి ఉన్నారు. ఏడుకొండలు బండిని నేల మీద దించాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు చేతులు ఊరుకోనివ్వలేదు. వంగి, గోటితో వెనక తలుపు తెరిచి, పక్కకు జరిగి నిలబడ్డాడు. శేషావతారం గారు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత తలుపు దగ్గర కాస్త వంగి, దిగినట్టు లేచి, చొక్కా సర్దుకున్నారు. లస్కర్లు సెల్యూటు చేశారు. తలుపు మూసిన చప్పుడు వినపడలేదు గాని, మిగతాదంతా పద్ధతిగానే జరిగింది.

ఆ రోజు లాగ్ బుక్కులో శేషావతారం గారు రాసిన వాక్యం తర్వాత పైకార్యాలయంలో మెప్పు పొందింది: 'వాహనం ప్రయాణమంతటా అధికారితో ఉన్నది. ఇంధన వినియోగం శూన్యం.' శూన్యం అనే ఆ మాటే కొంప ముంచింది. చుక్క ఇంధనం తాగకుండా తిరిగే వాహనం ఏదో చూద్దామని పైవాళ్ళు వివరాలు తెప్పించుకున్నారు. చూస్తే అది ఎనభైతొమ్మిదో సంవత్సరం బండి. పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలన్నీ తుక్కు చెయ్యాలని ఉత్తర్వు ఉంది. ఇన్నాళ్ళూ మరమ్మతులో ఉంది కాబట్టి తుక్కు కాలేదు. ఇప్పుడు నడుస్తోంది కాబట్టి తుక్కు చెయ్యాలి.

తర్వాతి వారం శుక్రవారం నాడు, అంటే రాజమండ్రి కలయికకి రెండు రోజుల ముందు, తుక్కు నిర్ధారణ కమిటీ వస్తోందని జనార్దనం గారే వచ్చి చెప్పారు. ఈసారి మంచినీళ్ళు అడగలేదు.

"బుల్‌డోజర్ ఒకటి తీసుకొస్తున్నారట. నలిపేసి, నలిపిన ఫొటో యాప్‌లో పెట్టాలి. ఒకే ఒక్క దారుందయ్యా. చివరి డ్రైవరు, 'ఇదే నేను నడిపిన వాహనం' అని సంతకం చెయ్యాలి. నువ్వు కాదంటే వాళ్ళు నలపలేరు."

"కాదని చెప్తానండి. అంతేనా?"

"కారణం చెప్పాలి. రిజిస్టరుతో తేడా చూపించాలి. చిన్నదని చెప్పకు, దానికి..."

"కాలమ్ లేదు. తెలుసండి."

ఆ మధ్యాహ్నమే ఏడుకొండలు ఖాదర్ షాపుకి వెళ్ళాడు. "ఖాదరూ, నీ వల్ల ఓ సాయం కావాలి. తలుపు మీద రాత నీది కాదని చెప్పాలి. అసలు దాని మీద 'క్ష' వేరేగా రాశానని చెప్తే చాలు. బండి ఇంటికొచ్చేత్తది."

"అంతే కదన్నా. బండి కోసం ఆ మాట చెప్పలేనా," అన్నాడు ఖాదర్.

శుక్రవారం పొద్దున్న కమిటీ అధ్యక్షురాలు హైమవతి గారు కాకినాడ నుంచి వచ్చారు. మృదువుగా, ఓపికగా మాట్లాడే మనిషి. ఆవరణలో వేపచెట్టు కింద బల్ల వేశారు. చుట్టూ ఐదు ఊళ్ళ జనం మూగారు. బల్ల మీద బండి. పది గజాల దూరంలో పసుపు బుల్‌డోజర్, దాని డ్రైవరు బండిని చూసి, బుల్‌డోజర్ని చూసుకుని, మళ్ళీ బండిని చూస్తున్నాడు.

"మేడం, దీనికి నేను అక్కర్లేదండి. చెప్పుతో తొక్కితే సరిపోద్దండి," అన్నాడతను.

"ఉత్తర్వులో బుల్‌డోజర్ అని ఉంది," అన్నారు హైమవతి గారు. "చెప్పు అని లేదు."

ఆవిడ రిజిస్టరు తెరిచి కాలమ్‌లు ఒక్కొక్కటే చదివారు. శేషావతారం గారు ఒక్కొక్కటే చూసి, 'కలిసినది' అన్నారు. ఇంజను నంబరు కలిసినది. సొట్ట కలిసినది. పదహారో కాలమ్, తలుపుల మీద శాఖ పేరు.

"దీనికి సాక్షి ఎవరు?"

ఖాదర్ ముందుకొచ్చాడు. జేబులోంచి భూతద్దం తీసి తలుపు మీద పెట్టాడు. ఖాదర్ ఆ తలుపు చూశాడు, ఈ తలుపు చూశాడు. అతని ముఖం మీదికి నెమ్మదిగా నవ్వొచ్చింది.

"చెప్పండి. ఈ రాత అసలు వాహనం మీది రాతేనా?"

"మేడం, ఈ 'క్ష' చూడండి. దీని కింద తోక కుడి పక్కకి ఓ చిన్న ఒంపు తిరుగుద్ది. అప్పుడు అసలు బండి మీద రాత్తంటే ఎవరో ఎనకాల్నుంచి పిలిచేరు, చెయ్యి కదిలింది. ఆ ఒంపు ఇక్కడ దింపడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మూడు వెంట్రుకల కుంచె. ఇది కాదంటే నా చెయ్యి నాది కాదన్నట్టే."

"అంటే కలిసినదేనా?"

"కలవడం ఏంటి మేడం, అదే ఇది," అన్నాడు ఖాదర్. అప్పుడు ఏడుకొండలు ముఖం చూసి, భూతద్దం జేబులో పెట్టుకుని తల దించుకున్నాడు.

ఏడుకొండలుకి కోపం రాలేదు. ఖాదర్ స్థానంలో తనున్నా సొట్ట గురించి అంతే చెప్పేవాడు. ఐదు ఊళ్ళ జనం ముందు, నాలుగేళ్ళ పనిని చూపించి ఇది తప్పు అనమంటే నోరు రాదు. కానీ బుల్‌డోజర్ ఇంజను స్టార్టయింది. నేల కాస్త అదిరింది. బల్ల మీద బండి వెనకద్దంలో వేపాకుల నీడ ఊగింది.

ఇరవై మూడో కాలమ్ దగ్గర హైమవతి గారు కలం అందించారు. "ఇదే మీరు నడిపిన వాహనమని సంతకం చెయ్యండి."

"ఇది కాదండి," అన్నాడు ఏడుకొండలు.

"తేడా?"

ఏడుకొండలు బండి లోపలికి చూశాడు. బయట ఉన్నవన్నీ జనం చూసినవే. లోపల వెనక సీట్లో ఒకరి తర్వాత ఒకరు పదిహేడు మంది ఆఫీసర్లు కూర్చున్నారు. ముందు సీట్లో, స్టీరింగుకి ఎదురుగా ఇరవై రెండేళ్ళు కూర్చున్నది తనొక్కడే. డ్యాష్‌బోర్డు మీద, స్పీడోమీటరుకి ఎడమ పక్కన, వెంట్రుక మందంలో ఒక పగులు. ఏ వేసవిలో పగిలిందో తెలియదు. దారి పొడుగునా దాన్నే చూస్తూ నడిపాడు. మోడల్లో ఆఖరున చేసింది దాన్నే, ఊపిరి బిగపట్టి.

"పద్దెనిమిదో కాలమ్ చూడండి మేడం. డ్యాష్‌బోర్డు."

హైమవతి గారు చదివారు. "'పగులు కలదు'. ఇందులోనూ ఉంది కదా?"

"ఎడం పక్కన ఉందండి. అసలు బండిలో కుడి పక్కన ఉండేదండి."

జనంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. అది ఖాదర్.

"మీరు స్వయంగా తప్పు చేశారా?"

"చేశానండి. నాలుగేళ్ళు చేసి, ఆఖర్న తప్పు చేశానండి. ఎవరికీ చెప్పలేదు." ఆయన గొంతు వణికింది. అబద్ధం వల్లనో, అది అబద్ధమని ఎవరికీ తెలియకపోవడం వల్లనో, ఆయనకే తెలియలేదు.

శేషావతారం గారు కల్పించుకున్నారు. "పగులు ఏ పక్కన అన్నది రిజిస్టరు చెప్పడం లేదు, మేడం. రిజిస్టరు మౌనంగా ఉన్న చోట చివరి డ్రైవరు వాంగ్మూలమే రికార్డు."

హైమవతి గారు ఉత్తర్వు రెండుసార్లు చదివి, తెరిపిన పడినట్టు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే ఇది ఆ వాహనం కాదు. ఆ వాహనాన్ని పోలిన, లోపభూయిష్టమైన వేరొక వాహనం. దీన్ని తుక్కు చేసే అధికారం ఈ కమిటీకి లేదు. దీన్ని ఉంచుకునే అధికారం శాఖకి లేదు. తీసుకెళ్ళండి." బుల్‌డోజర్ ఆపేశారు. యాప్‌లో నలభైనాలుగు పదిహేడుకి ఎదురుగా రాయడానికి తగిన కాలమ్ దొరక్క, పైవాళ్ళకి రాసి పాత మాటకి మళ్ళీ చోటు పెట్టించారు. జనార్దనం గారు స్వహస్తాలతో 'మరమ్మతులో ఉన్నది' అని నింపి, నెలాఖరుకి సుఖంగా రిటైరయ్యారు.

ఏడుకొండలు బండిని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి నడిచాడు. ఖాదర్ పక్కనే నడిచాడు.

"నాకైనా చెప్పాల్సింది అన్నా," అన్నాడు ఖాదర్ చివరికి.

ఏడుకొండలు నోరు తెరిచాడు. అసలు మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఖాదర్‌కి చెబితే దాచలేడు. దాచలేడని పొద్దున్నే చూశాడు. రేపు టీ కొట్లో చెబుతాడు, ఎల్లుండికి అది వేపచెట్టు కిందికి చేరుతుంది. "సిగ్గేసింది ఖాదరూ," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఖాదర్, ప్రకాశం కలిసి ఏడుకొండలు ఇంటికి వచ్చారు. ఖాదర్ చేతిలో కుంచెల డబ్బా ఉంది.

"రేపు ఐదు జిల్లాల వాళ్ళు చూత్తారు. తప్పుందని తెలిసీ ఎలా తీసుకెళ్తాం?" అన్నాడు ప్రకాశం. "నీకు చెయ్యి ఆడదని తెలుసు. అందుకే మేమొచ్చేం. గంట పని."

"నిన్న నేను చేసిన పనికి ఇది చెయ్యనియ్యి అన్నా," అన్నాడు ఖాదర్. అతను ఏడుకొండలు కళ్ళలోకి చూడటం లేదు.

సత్యవేణి వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి ముఖం చూసింది. ఏదో అడగబోయి, టీ పెట్టడానికి వెళ్ళింది.

కిటికీ దగ్గర వెలుతురులో బల్ల వేశారు. ప్రకాశం ముందు సీటు కుట్లు విప్పి, సీటు తీసి పక్కన పెట్టాడు. ఏడుకొండలుకి భూతద్దం పట్టుకునే పని ఇచ్చారు. ఖాదర్ సూదిమొనతో మైనం ముద్ద తీసి, స్పీడోమీటరుకి ఎడమ పక్కనున్న పగులులో నింపాడు. పైన రంగు అద్దాడు. పగులు కనపడకుండా పోయింది. తర్వాత బ్లేడు అంచుతో కుడి పక్కన సన్నగా, జాగ్రత్తగా, ఊపిరి బిగపట్టి ఒక కొత్త పగులు గీశాడు. మంచి పని. నిజం పగులులాగే మధ్యలో కాస్త వణికి, చివర సన్నబడింది.

"ఇంతేనా పొడుగు?"

"కొంచెం కిందికి," అన్నాడు ఏడుకొండలు.

ఖాదర్ కొంచెం కిందికి లాగాడు. వెనక్కి జరిగి, అప్పటికి తలెత్తి ఏడుకొండలు వైపు చూశాడు. "చెప్పన్నా. ఇలాగే ఉండేదా?"

ఏడుకొండలు డ్రైవరు సీటు ఉన్న వైపు నుంచి వంగి, చాలాసేపు లోపలికి చూశాడు. భూతద్దం మాత్రం కదల్చలేదు.

"ఇలాగే ఉండేది," అన్నాడు.